వెన్ను, మెడ కండరాల విడదీసే నమూనా: ఏడాది వాడకం తర్వాత

ఫిజియోథెరపీ మొదటి సంవత్సరం విద్యార్థులకు శరీర నిర్మాణ శాస్త్రం బోధించేవారికి వెన్ను కండరాల పాఠం దగ్గరపడుతున్నదంటే కొంత బెరుకు కలగడం సహజం. ముంజేతి కండరాలనైతే పిడికిలి బిగించి ఎవరి చేతి మీద వారే చూసుకోవచ్చు, తొడ కండరాలను తడిమి గుర్తుపట్టవచ్చు. వీపు మాత్రం ఎవరికి వారు చూసుకోలేని చోట ఉంది. పైగా అక్కడి కండరాలు ఒకదాని కింద ఒకటి వరుసలుగా పేర్చి ఉండటం వల్ల, చర్మం మీద చేయి వేసి చూపగలిగేవి పైనున్న కొన్ని మాత్రమే. పుస్తకంలోని బొమ్మలు ఒక్కొక్క పొరను ఒక్కొక్క పుటలో చూపిస్తాయి కాబట్టి, పుట తిప్పగానే పై పొరకూ కింది పొరకూ ఉన్న సంబంధం విద్యార్థి మనసులో తెగిపోతుంది. ఈ ఇబ్బంది తీరుతుందన్న ఆశతో తల వెనుక భాగం నుంచి త్రికాస్థి (నడుము కింద, కటి ఎముకల మధ్యనున్న ఎముక) వరకు వెన్ను, మెడ కండరాలను ముక్కలుగా విడదీయగల ప్లాస్టిక్ నమూనా ఒకటి తెప్పించుకుని, ఒక పూర్తి విద్యాసంవత్సరం తరగతిలో వాడిన తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను. ఇటువంటి నమూనాలో ఏమి చూడాలన్నదే ఇక్కడ ముఖ్యం గనుక తయారీ సంస్థ పేరు ప్రస్తావించడం లేదు.

నమూనా మనిషి పరిమాణంలోనే ఉంటుంది. కుడి సగంలో పైపొర కండరాలు కదలకుండా అతికి ఉంటాయి. ఎడమ సగంలోనివి 12 ముక్కలుగా ఊడివస్తాయి. ముక్కలను కొన్ని చోట్ల అయస్కాంతాలు, కొన్ని చోట్ల బుడిపెలు, గుంటలు పట్టి ఉంచుతాయి. చేతులు భుజం దగ్గరే ఆగిపోతాయి. ప్రతి ముక్క మీద చిన్న అంకెలు ముద్రించి, వాటి పేర్లను ఒక చిరుపుస్తకంలో ఇచ్చారు. ఆ చిరుపుస్తకం గురించి తర్వాత కొంచెం కటువుగానే మాట్లాడవలసి ఉంది.

మొదట చేతికి వచ్చే ముక్క ట్రెపీజియస్. ఈ కండరాన్ని చాలా నమూనాలు ఒకే మందం గల ఎర్రటి పలకలాగా చేసి వదిలేస్తాయి. ఇక్కడ అలా జరగలేదు. తల వెనుక ఎముక నుంచి మెడ మధ్యగీత వెంట దిగి, ఏడో మెడపూస ముల్లు (పూస నుంచి వెనక్కి పొడుచుకొచ్చే భాగం) మొదలుకొని పన్నెండో ఛాతీపూస ముల్లు వరకు పుట్టే ఈ కండరం, కాలర్ ఎముక బయటి మూడోవంతుకూ, రెక్క ఎముక గట్టుకూ వెళ్లి అతుక్కుంటుంది. దాని పై పోగులు కిందికీ, మధ్య పోగులు అడ్డంగానూ, కింది పోగులు పైకీ సాగుతాయి. ఈ మూడు దిశలనూ గాళ్లు చెక్కి చూపించారు. మెడ, వీపు కలిసే చోట ఈ కండరంలో ఎర్రటి మాంసం లేకుండా తెల్లటి పలుచని టెండన్ (కండరాన్ని ఎముకకు కట్టే కణజాలం) వజ్రాకారంలో పరచుకుని ఉంటుంది. దాన్ని కూడా మరచిపోలేదు. సన్నని మనిషి రెండు భుజాలనూ వెనక్కి లాగి నిలబడితే ఆ చోట చర్మం కింద ఒక చదునైన పల్లం కనిపించడానికి కారణం ఇదే. దీన్ని విద్యార్థులకు మొదట నమూనా మీద, తర్వాత తోటి విద్యార్థి వీపు మీద చూపించగలిగినప్పుడు, నమూనా తన పని తాను చేసిందని అనిపించింది.

లాటిసిమస్ డోర్సై దగ్గర మాత్రం అదే మాట చెప్పలేను. కింది ఆరు ఛాతీపూసల ముళ్ల నుంచి, నడుము దగ్గరి తెల్లటి పొర నుంచి, కటి ఎముక గట్టు నుంచి, కింది మూడు నాలుగు పక్కటెముకల నుంచి పుట్టే ఇంత విశాలమైన కండరం చివరకు సన్నని పట్టీగా మారి, తన చుట్టూ తానే మెలిక తిరిగి, భుజాస్థి (మోచేతికి పైనున్న చేతి ఎముక) ముందువైపున్న గాడిలో అతుక్కుంటుంది. ఆ మెలికలో అన్నిటికన్నా కింద పుట్టిన పోగులు అన్నిటికన్నా పైన చేరుతాయి. చేతిని వెనక్కి, కిందికి, లోపలికి తిప్పే దీని పని మొత్తం ఆ మెలికతోనూ, ఆ అతుకుతోనూ ముడిపడి ఉంది. నమూనాకు చెయ్యే లేదు గనుక కండరం చంక దగ్గర కోసినట్టుగా ఆగిపోతుంది. వెన్ను నమూనా కదా, చేతితో ఏమి పని అని తయారుచేసినవారు అనుకుని ఉండవచ్చు. కానీ వీపు మీద అన్నిటికన్నా విశాలమైన కండరం నిజానికి చేతి కండరమన్న సంగతే ఈ పాఠంలో మొదట చెప్పవలసినది. భుజాస్థి పై మూడోవంతు చేర్చినా సరిపోయేది.

ట్రెపీజియస్, లాటిసిమస్, రెక్క ఎముక లోపలి అంచు కలిసే చోట ఒక చిన్న త్రికోణం మిగిలి ఉంటుంది. మనిషి చేతులు ఛాతీ ముందు కట్టుకుని ముందుకు వంగితే రెక్క ఎముకలు పక్కకు జరిగి ఆ త్రికోణం పెద్దదవుతుంది, ఆరో ఏడో పక్కటెముకల మధ్య చోటు మీద కండరం అడ్డు లేకుండా స్టెతస్కోప్ పెట్టవచ్చు. నమూనాలో రెక్క ఎముక ఉన్నచోటు నుంచి పక్కకు జరగదు, అయినా త్రికోణం మాత్రం స్పష్టంగా కనబడుతుంది.

రెండో పొరలో రాంబాయిడ్ మేజర్, రాంబాయిడ్ మైనర్, లెవేటర్ స్కాపులే మూడూ రెక్క ఎముకతో కలిసి ఒకే ముక్కగా ఊడివస్తాయి. వీటిని విడివిడిగా ఇవ్వకపోవడం లోపమని మొదట అనుకున్నాను, తర్వాత అభిప్రాయం మార్చుకున్నాను. ముక్కను చేతిలో పట్టుకుని చూసినప్పుడు, రాంబాయిడ్లు రెక్క ఎముక లోపలి అంచును వెన్నువైపు లాగుతాయనీ, మెడ మొదటి నాలుగు పూసల పక్క కొమ్ముల నుంచి దిగే లెవేటర్ దాని పై మూలను ఎత్తుతుందనీ ఒక్క చూపులో తెలుస్తుంది. ఈ లెవేటర్ విషయంలో చిన్న ముచ్చట చెప్పాలి. ఉదయం లేవగానే మెడ ఒకవైపు తిరగకపోతే మనం వెంటనే అనే మాట 'మెడ నరం పట్టేసింది' అని. మన వాడుకలో నరం అన్న మాటకు కండరం, టెండన్, రక్తనాళం, నాడి అన్నీ వచ్చి చేరతాయి. మొదటి సంవత్సరం విద్యార్థులు కూడా ఆ మాటనే వెంట తెచ్చుకుంటారు. నొప్పి ఎక్కడో వేలు పెట్టి చూపించమంటే, ఎక్కువమంది రెక్క ఎముక పై మూలకూ మెడకూ మధ్యనున్న గీత వెంటే వేలు జరుపుతారు. నమూనా మీద సరిగ్గా అక్కడ లెవేటర్ పోగులు పరచుకుని ఉంటాయి. పట్టేసినది చాలాసార్లు నరం కాదని, కండరమని చెప్పడానికి ఆ ముక్క ఒక్కటే చాలింది.

ఈ నమూనాలో నాకు అన్నిటికన్నా నచ్చిన అంశం చిరుపుస్తకంలో ఎక్కడా రాయలేదు. రెండు నెలలు వాడిన తర్వాత, పై పొర కండరాలకు లేత ఎరుపు, లోపలి వాటికి ముదురు ఎరుపు వేశారని గమనించాను. మొదట అది వెలుతురు తేడా అనుకున్నాను. తర్వాత ముక్కలన్నీ బల్ల మీద పరిచి చూస్తే అది కావాలని చేసిన ఏర్పాటని అర్థమైంది. వెన్ను మీద రెండు జాతుల కండరాలు ఉన్నాయి. వెన్నెముకను నిలబెట్టి, వంచి, తిప్పే లోపలి కండరాలు అక్కడే పుట్టి అక్కడే ఉన్నవి. వాటికి ఆజ్ఞలు వెన్నునాడుల వెనుక శాఖల ద్వారా అందుతాయి. చేతినీ పక్కటెముకలనూ కదిలించే పై కండరాలు వీపు మీదికి వచ్చి పరచుకున్న అతిథులు. వాటి నాడులు వెన్నునాడుల ముందు శాఖల నుంచి వస్తాయి, ట్రెపీజియస్‌కు మాత్రం పదకొండో కపాలనాడి వస్తుంది. నడుము నుంచి మొదలయ్యే లాటిసిమస్‌కు నాడి మెడలోని ఆరు, ఏడు, ఎనిమిదో వెన్నునాడుల నుంచి రావడం వింతగా తోస్తుంది. పిండదశలో అది చేతి మొగ్గతో పాటు ఏర్పడి తర్వాత కిందికి విస్తరించిందని తెలిస్తే ఆ వింత పోతుంది. ఈ మొత్తం సూత్రాన్ని రెండు రంగుల్లో చూపించడం గొప్ప ఆలోచన.

అయితే ఆ గొప్ప ఆలోచనను ఒకచోట తామే చెడగొట్టుకున్నారు. సెరాటస్ పోస్టీరియర్ సుపీరియర్, ఇన్ఫీరియర్ అనే రెండు పలుచని కండరాలు రాంబాయిడ్ల కింద ఒకటి, లాటిసిమస్ కింద ఒకటి ఉండి, మొదటిది రెండు నుంచి అయిదో పక్కటెముక వరకు, రెండవది తొమ్మిది నుంచి పన్నెండో పక్కటెముక వరకు అతుక్కుంటాయి. ఇవి లోపలి కండరాల మీద పరచుకుని ఉన్నప్పటికీ వాటి జాతివి కావు. వీటి నాడులు పక్కటెముకల మధ్య నడిచే ముందు శాఖలు. నమూనాలో వీటికి ముదురు ఎరుపు వేశారు. ఇది రంగు వేసినవారి పొరపాటేమోనని చిరుపుస్తకం తెరిచి చూస్తే, అక్కడ కూడా వీటి నాడులు వెనుక శాఖలని రాసి ఉంది. రంగును మన్నించవచ్చు, ఎందుకంటే విద్యార్థి రంగును కంఠస్థం చేయడు. అచ్చులో ఉన్న తప్పు నేరుగా పరీక్ష జవాబులోకి వెళుతుంది. అదే చిరుపుస్తకంలో లెవేటర్ స్కాపులే అంకె, దాని పక్కనే ఉండే స్ప్లీనియస్ సెర్విసిస్ అంకె తారుమారయ్యాయి. రెండూ పై మెడపూసల పక్క కొమ్ములకే అతుక్కుంటాయి కాబట్టి తికమకకు అవకాశం ఉన్నమాట నిజమే, కానీ ఆ తికమకను తీర్చవలసిన పుస్తకమే దాన్ని పెంచితే ఎలా?

మెడ వెనుక భాగానికి వస్తే నమూనా విలువ ఒక్కసారిగా పెరుగుతుంది. ట్రెపీజియస్ తీసిన తర్వాత కనిపించే స్ప్లీనియస్, మధ్యగీత దగ్గర కింద మొదలై పైకి పోతూ బయటికి వాలుతుంది. రెండు వైపులా కలిపి చూస్తే పైకి విచ్చుకున్న దోసిలిలా ఉంటుంది. దాన్ని ఎత్తితే కనిపించే సెమీస్పైనాలిస్ కాపిటిస్, మెడ వెనుక మధ్యగీతకు రెండు పక్కలా చేతికి తగిలే రెండు నిలువు దిమ్మలకు ముఖ్య కారణం. దాని పోగులు దాదాపు నిటారుగా, కొంచెం లోపలికి వాలుతూ తల వెనుక ఎముకకు చేరుతాయి. ఈ రెండు ముక్కల మీద చెక్కిన గాళ్ల దిశ సరిగ్గా ఉండటంతో, పోగు వాలు చూసి పని చెప్పడం విద్యార్థులకు నేర్పగలిగాను. కుడి స్ప్లీనియస్ బిగిస్తే ముఖం కుడివైపు తిరుగుతుంది. మెడ ముందు భాగంలో చెవి వెనుక ఎముక నుంచి రొమ్ము ఎముకకూ కాలర్ ఎముకకూ వాలుగా దిగే స్టెర్నోక్లైడోమాస్టాయిడ్ బిగిస్తే ముఖం ఎదుటివైపు తిరుగుతుంది. అంటే కుడివైపు చూడాలంటే కుడి వెనుక కండరమూ, ఎడమ ముందు కండరమూ కలిసి పనిచేయాలి. పుస్తకంలో రెండు అధ్యాయాల్లో విడిపోయి ఉండే ఈ జోడీని నమూనా చుట్టూ తిరిగి చూసిన అయిదు నిమిషాల్లో విద్యార్థులు పట్టుకున్నారు.

సెమీస్పైనాలిస్ ముక్కను కూడా తీస్తే తల, మెడ కలిసే చోటు తెరుచుకుంటుంది. ఈ నమూనాను ఎవరికైనా సిఫారసు చేయవలసి వస్తే, నేను చూపేది ఈ భాగాన్నే. అక్కడ ఒక్కో పక్క నాలుగు చిన్న కండరాలు ఉంటాయి. రెండో మెడపూస ముల్లు నుంచి తలకు వెళ్లే రెక్టస్ కాపిటిస్ పోస్టీరియర్ మేజర్, మొదటి పూస వెనుక బుడిపె నుంచి తలకు వెళ్లే మైనర్, మొదటి పూస పక్క కొమ్ము నుంచి తలకు వెళ్లే ఆబ్లిక్వస్ సుపీరియర్, రెండో పూస ముల్లు నుంచి మొదటి పూస పక్క కొమ్ముకు వెళ్లే ఆబ్లిక్వస్ ఇన్ఫీరియర్. ఈ చివరిదాని పూర్తి పేరులో తలకు చెందినదన్న మాట ఉన్నా, అది తలను ఎక్కడా తాకదు. మొదటి పూసను పట్టి తిప్పితే దాని మీద కూర్చున్న తల దానితో పాటు తిరుగుతుంది. మెడ మొత్తం తిరుగుడులో దాదాపు సగం ఈ మొదటి రెండు పూసల మధ్యనే జరుగుతుందని చెప్పినప్పుడు, ఇంత చిన్న కండరానికి అంత పని ఎందుకు అప్పగించారో నమూనా చూసినవారికి వివరించనవసరం లేదు.

ఈ నాలుగింటిలో మైనర్ తప్ప మిగిలిన మూడూ కలిసి ఒక త్రికోణం గీస్తాయి. త్రికోణం అడుగున మొదటి పూస వెనుక కమాను మీదుగా వంపు తిరిగి వెళ్లే వెర్టిబ్రల్ ధమనిని ఎర్రటి గొట్టంగా చూపించారు. ఆ ధమని సాధారణంగా ఆరో మెడపూస పక్క కొమ్ము రంధ్రంలో ప్రవేశించి పైకి వస్తుంది. ఏడో పూసకు రంధ్రం ఉన్నా దానిలోంచి రాదు. నమూనాలో ఏడో పూస రంధ్రం ఖాళీగా ఉంచారు. ఇంత చిన్న నిజాన్ని గుర్తుంచుకున్నవారు సెరాటస్ దగ్గర ఎలా తప్పు చేశారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఈ చిన్న కండరాలలో తమ సాగుదలను కనిపెట్టి మెదడుకు చెప్పే సూక్ష్మ గ్రాహకాలు ఎంతో దట్టంగా ఉంటాయనీ, తల ఏ కోణంలో ఉన్నదో కళ్లు మూసుకున్నా తెలియడంలో వీటి పాత్ర పెద్దదనీ చెబుతూ ఈ భాగాన్ని చూపితే, విద్యార్థులు తెలియకుండానే తమ మెడ వెనుక చేయి పెట్టుకోవడం చూశాను.

నడుము వైపు దిగేకొద్దీ నమూనా నాణ్యత కూడా దిగుతుంది. వెన్నెముకను నిటారుగా నిలిపే ఎరెక్టర్ స్పైనే సమూహంలో బయటి ఇలియోకాస్టాలిస్ ఒక ముక్క. మధ్యలోని లాంజిసిమస్, లోపలి స్పైనాలిస్ కలిసి మరొక ముక్క. లాంజిసిమస్ పై కొన చెవి వెనుక ఎముక దాకా వెళ్లడం చూపించారు, బాగుంది. కానీ ఈ కండరాలను చుట్టి ఉండే నడుము పొర సంగతి ఏమిటి? వెనుక పొర, మధ్య పొర, ముందు పొర అని మూడు పొరలుగా విడిపోయి, వెనుక రెండింటి మధ్య ఎరెక్టర్ స్పైనేనూ, ముందు రెండింటి మధ్య క్వాడ్రేటస్ లంబోరమ్ అనే నడుము కండరాన్నీ సంచిలో పెట్టినట్టు పట్టి ఉంచే ఆ దృఢమైన కణజాలం, ఈ నమూనాలో లాటిసిమస్ ముక్క కింది భాగంలో పూసిన తెల్లరంగు మాత్రమే. లాటిసిమస్ లాగుడు ఆ పొర ద్వారానే నడుముకు చేరుతుందనీ, లోపలి పొట్ట కండరాలు కూడా దానికే వచ్చి అతుక్కుంటాయనీ చెప్పడానికి ఆ తెల్లరంగు ఏమాత్రం తోడ్పడదు. ముక్క ఊడదీయగానే పొర కూడా మాయమవుతుంది గనుక, అది ఒక కట్టు అన్న భావనే విద్యార్థికి కలగదు.

అసలు ఫిర్యాదు మల్టిఫిడస్ గురించి. త్రికాస్థి వెనుక తలం నుంచి, నడుము పూసల పక్కనున్న చిన్న బుడిపెల నుంచి పుట్టి, రెండు నుంచి నాలుగు పూసలు దాటి పైనున్న పూస ముల్లుకు చేరే ఈ కండరం నడుము దగ్గర అన్ని చోట్ల కన్నా మందంగా ఉంటుంది. దాని పోగులు కింద బయట మొదలై పైకి, లోపలికి వాలుతాయి, అంటే స్ప్లీనియస్ వాలుకు సరిగ్గా ఎదురు. స్ప్లీనియస్ దోసిలి అయితే ఇది బోర్లించిన దోసిలి. నమూనాలో మల్టిఫిడస్ ఊడివచ్చే ముక్క కాదు. వెన్నెముక పక్కన కదలని ఉబ్బుగా పోతపోసి, దాని మీద గాళ్లను నిలువుగా గీశారు. నిలువు గాళ్లు చూసిన విద్యార్థి దాన్ని ఎరెక్టర్ స్పైనేలో మిగిలిపోయిన భాగంగానే భావిస్తాడు. ఒకరు పరీక్షలో అలాగే రాశారు కూడా. మార్కులు తగ్గించడానికి నాకు చేయి రాలేదు. దాని కింద ఒకటి రెండు పూసల దూరమే సాగే రోటేటోర్స్ అసలు లేవు.

ఇది సూక్ష్మమైన లోపమని తోసిపుచ్చలేము. నడుము పట్టేసిన మనిషికి వ్యాయామం నేర్పబోయే విద్యార్థి మొదట తెలుసుకోవలసిన లోతు కండరం ఇదే. నడుము నొప్పి మొదటిసారి వచ్చినవారిలో నొప్పి ఉన్నవైపు మల్టిఫిడస్ చిక్కిపోతుందనీ, నొప్పి తగ్గినంత మాత్రాన అది దానంతట అది తిరిగి నిండదనీ 1990లలో అల్ట్రాసౌండ్‌తో జరిగిన పరిశోధనలు చూపాయి. అంత ప్రాధాన్యం గల కండరాన్ని తీసి చేతిలో పెట్టలేని నమూనా, వెన్ను నమూనాగా సగమే పూర్తయినట్టు లెక్క.

మెడ ముందు భాగాన్ని తయారీదారు కొసరుగా ఇచ్చినట్టున్నారు, అయినా అందులో ఒక మంచి ముక్క దొరికింది. ముందు స్కేలీన్ కండరం విడిగా ఊడివస్తుంది. మొదటి పక్కటెముకకు చేరే ఈ కండరం ముందు నుంచి సబ్‌క్లేవియన్ సిర, వెనుక నుంచి అదే పేరు గల ధమని వెళ్లడం, చేతికి వెళ్లే నాడుల గుచ్ఛం ఈ కండరానికీ మధ్య స్కేలీన్‌కూ నడుమనున్న సందులోంచి బయటికి రావడం, ఊపిరి పీల్చే ముఖ్య కండరమైన డయాఫ్రమ్‌కు వెళ్లే ఫ్రెనిక్ నాడి ఈ కండరం ముందు తలం మీదుగా దిగడం అన్నీ సరిగ్గా ఉన్నాయి. ముక్కను తీసి మళ్లీ పెట్టి, ఆ సందు ఇరుకైతే చేతిలో తిమ్మిరి ఎందుకు వస్తుందో అడిగితే జవాబు విద్యార్థులే చెప్పారు. మిగతాది సాదాసీదాగా ఉంది. కంఠాస్థి (గొంతు ముందున్న హయాయిడ్ ఎముక) కింది నాలుగు పట్టీ కండరాలను ఒకే ముద్దగా పోశారు. ఒమోహయాయిడ్‌కు నడుమనున్న టెండన్ కనబడదు. మెడ చర్మం కిందనే ఉండే ప్లాటిస్మా లేదు. మెడపూసల ముందు తలానికి అంటిపెట్టుకుని ఉండే లాంగస్ కోలై, లాంగస్ కాపిటిస్‌లను రంగుతో సరిపెట్టారు.

మన్నిక గురించి కొన్ని మాటలు. అయస్కాంతాలతో నిలిచే ముక్కలు ఏడాది గడిచినా మొదటి రోజులాగే పట్టుకుంటున్నాయి. బుడిపెలతో నిలిచేవి, ముఖ్యంగా తరచుగా తీసే ట్రెపీజియస్, ఆరు నెలలకే వదులై, ఎవరైనా బల్లను తాకితే జారి పడుతున్నాయి. పీట చిన్నది కావడం వల్ల ఎడమ ముక్కలన్నీ తీసినప్పుడు బరువు కుడివైపు మొగ్గి నమూనా ఊగుతుంది. పీట కింద ఒక వెడల్పాటి చెక్క బిగించుకోవలసి వచ్చింది. అన్నిటికన్నా బాధించినది తల వెనుక నాడి. రెండో వెన్నునాడి వెనుక శాఖ నుంచి వచ్చే ఈ నాడి ఆబ్లిక్వస్ ఇన్ఫీరియర్ కింది అంచును చుట్టి, సెమీస్పైనాలిస్‌ను చీల్చుకుని తలవైపు వెళుతుంది. దాన్ని పసుపుపచ్చ తీగగా చూపించి, తీగ ఒక కొనను కదలని భాగానికీ, మరొక కొనను ఊడివచ్చే సెమీస్పైనాలిస్ ముక్కకూ అతికారు. నిర్మాణం సరైనదే, అతుకు మాత్రం ఆలోచన లేనిది. మూడో నెలలో ఒక విద్యార్థి ముక్కను మామూలుగా లాగగానే తీగ తెగిపోయింది. అది ఆ విద్యార్థి తప్పు కాదు. అలా అతికితే ఎవరు లాగినా తెగుతుంది. విడి తీగ కావాలని రాస్తే, మొత్తం ముక్కను మార్చుకోవాలని జవాబు వచ్చింది. ఒక సన్నని విద్యుత్ తీగ ముక్కతో నేనే సరిచేసుకున్నాను.

తెర మీద తిప్పి చూసే త్రిమితీయ అప్లికేషన్లు ఉండగా ఈ ప్లాస్టిక్ ఎందుకని అడిగేవారు ఉంటారు. నేను రెండూ వాడతాను. అప్లికేషన్‌లో రోటేటోర్స్ కూడా ఉంటాయి, తీగలు తెగవు. కానీ తెర మీద ఒక కండరాన్ని మాయం చేయడానికి ఒక్క తాకిడి చాలు. అది ఎంత లోతున ఉన్నదో, దాన్ని చేరడానికి ఎన్ని తొలగించాలో ఆ తాకిడి చెప్పదు. ఆబ్లిక్వస్ ఇన్ఫీరియర్‌ను చూడటానికి మూడు ముక్కలు తీసి బల్ల మీద పెట్టిన విద్యార్థి దాని లోతును మరచిపోడు. పొర తరువాత పొర తీసి చూపే పద్ధతి కొత్తదేమీ కాదు. 1543లో శరీర నిర్మాణ శాస్త్రవేత్త వెసాలియస్ అచ్చువేయించిన కండరాల చిత్రాల్లో ఒక్కొక్క చిత్రానికి కొన్ని కండరాలు ఊడి వేలాడుతూ పోతాయి, 19వ శతాబ్దంలో ఫ్రెంచ్ వైద్యుడు ఓజూ కాగితపు గుజ్జుతో ముక్కలుగా విడదీయగల మానవ నమూనాలు చేశాడు. శవాన్ని కోసి చూసే బల్ల దగ్గర నేర్చుకునే అవకాశం ఉన్నవారికి కూడా ఈ నమూనా ముందు మెట్టుగా పనికొస్తుంది, ఒక హెచ్చరికతో: నిజమైన దేహంలో కండరాలు ఇలా ఎరుపు రంగులో, స్పష్టమైన అంచులతో ఉండవు, దేహాన్ని నిల్వ ఉంచే ఫార్మలిన్ ద్రావణంలో ఉంచిన కండరం గోధుమ బూడిద రంగులో, కొవ్వు, కణజాలపు పొరలతో అంటుకుని ఉంటుంది. రాంబాయిడ్ మేజర్, మైనర్‌ల మధ్య సరిహద్దును అక్కడ వెతుక్కోవలసి ఉంటుంది.

మెడ నొప్పి, తలనొప్పి, భుజం సమస్యల మీద ఎక్కువగా పాఠాలు చెప్పేవారు ఈ నమూనాను నిస్సంకోచంగా తీసుకోవచ్చు. తల, మెడ కలిసే చోటును ఇంత శ్రద్ధగా చూపిన ప్లాస్టిక్ నమూనా నా చేతికి ఇంతకుముందు రాలేదు. యోగా, మర్దన నేర్పేవారికి పై రెండు పొరలు చాలు కాబట్టి వారికీ సరిపోతుంది. నడుము పాఠమే ప్రధానమైనవారు మాత్రం మల్టిఫిడస్ విడిగా ఊడివచ్చే నమూనా దొరికేవరకు ఆగాలి. కొనేముందు అడగవలసిన ప్రశ్నలు కూడా రెండే: లోతు ముక్కలు ఊడతాయా, చిరుపుస్తకాన్ని ఎవరైనా సరిచూశారా.

మా తరగతిలో ఇప్పుడు చిరుపుస్తకం మొదటి పుటకు నేను రాసిన తప్పుల పట్టిక అతికి ఉంది. సెరాటస్ ముక్కలు రెండింటికీ లేత ఎరుపు రంగు వేయించాము. నడుము దగ్గరి ఆ కదలని ఉబ్బు మీద తెల్ల సిరాతో, కింద బయటి నుంచి పైకి లోపలికి, ఒక్కో పూస ముల్లుకు మూడేసి వాలు గీతలు గీశాను. చేతులు తగిలి చెరిగిపోతుంటాయి కాబట్టి నెలకోసారి మళ్లీ గీసే పని విద్యార్థులకు వంతులవారీగా అప్పగించాను.